మచ్చల గింజలను చదివిన విదుషి

పాఠ్యనేపథ్యం

ఇరవయ్యో శతాబ్దం జన్యుశాస్త్రానికి స్వర్ణయుగం. జన్యువు ఎక్కడ ఉంటుంది, దేనితో నిర్మితమైంది అన్న ప్రశ్నలకు సమాధానాలు వెదికిన శాస్త్రజ్ఞులు ఆ శతాబ్దంలో అనేకులు. కాని జన్యువును ఎప్పుడు పనిచేయించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఏది అన్న ప్రశ్నను తొలినాళ్ళలోనే వేసుకొన్నవారు కొందరే. వారిలో అగ్రగణ్యురాలు అమెరికా శాస్త్రజ్ఞురాలు బార్బరా మెక్‌క్లింటాక్. మొక్కజొన్న చేలో, సూక్ష్మదర్శిని ముందు ఆమె గడిపిన సుదీర్ఘ జీవితాన్ని, ఆమె ఆలోచన మన శరీరంలోని హార్మోన్ల జన్యువుల వరకు విస్తరించిన తీరును ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఒకే ఒక్క కణంతో ప్రారంభమైన మానవదేహం లక్షల కోట్ల కణాల సముదాయంగా పెరుగుతుంది. దాదాపు ఈ కణాలన్నింటిలోను ఉన్నవి అవే జన్యువులు. అయినప్పటికీ కంటిలోని కణం చూపుకు తోడ్పడుతుంది. కండరంలోని కణం కదలికకు తోడ్పడుతుంది. రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ అనే హార్మోను జన్యువు మన చర్మకణాలలో కూడా ఉంది. కాని దానిని వినియోగించుకొని రక్తంలోకి ఇన్సులిన్‌ను పంపేవి క్లోమంలోని కొన్ని కణాలు మాత్రమే. అన్ని గదులలోను ఒకే గ్రంథం ఉండగా, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పుటను మాత్రమే తెరచి చదివిస్తున్నది ఏది? ఈ ప్రశ్నకు సమాధానం అంతంత మాత్రంగానైనా ఎవరికీ తెలియని కాలంలో, దానికోసం మొక్కజొన్న గింజల వైపు చూసిన మహిళ బార్బరా మెక్‌క్లింటాక్.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ నగరంలో జన్మించింది. తండ్రి థామస్ హెన్రీ మెక్‌క్లింటాక్ హోమియో వైద్యుడు. తల్లి పేరు సారా. నలుగురు సంతానంలో ఆమె మూడవది. తల్లిదండ్రులు మొదట పెట్టిన పేరు ఎలినార్. ఆ పేరు మరీ సుకుమారంగా ఉన్నదని, బిడ్డ స్వభావానికి తగినట్లు బార్బరా అని మార్చారు. సంసారభారం వల్ల కొన్నాళ్ళు ఆమెను బ్రూక్లిన్‌లోని బంధువుల ఇంట ఉంచారు. 1908లో కుటుంబమంతా బ్రూక్లిన్ చేరుకొంది. ఒంటరిగా కూర్చొని ఆలోచించుకోవడం, ఎవరి మీదా ఆధారపడక తన పని తాను చేసుకోవడం ఆమెకు బాల్యం నుంచే అలవడిన గుణాలు. ఈ గుణాలే తరువాతి కాలంలో ఆమెకు కవచాలయ్యాయి.

ఎరాస్మస్ హాల్ ఉన్నత పాఠశాలలో చదువుతుండగా ఆమెకు విజ్ఞానశాస్త్రం మీద మక్కువ కలిగింది. కళాశాలలో చేరాలన్న ఆమె కోరికకు తల్లి అడ్డు చెప్పింది. ఎక్కువ చదివిన అమ్మాయికి వరుడు దొరకడేమో అన్న భయం ఆ తల్లిది. ఆ రోజులలో అటువంటి భయం ఒక్క దేశానికో, ఒక్క కుటుంబానికో పరిమితమైనది కాదు. చివరకు తండ్రి అండగా నిలవడంతో 1919లో ఆమె ఇథాకా నగరంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో, వ్యవసాయ కళాశాలలో చేరింది.

1921లో అక్కడ విన్న జన్యుశాస్త్ర పాఠాలు ఆమె జీవితాన్ని మలుపు తిప్పాయి. మెండెల్ సూత్రాలు పునరుద్ధరింపబడి అప్పటికి రెండు దశాబ్దాలే గడిచాయి. చాలామంది విద్యార్థులకు ఆ శాస్త్రం మీద ఆసక్తి లేదు. ఆమెలోని శ్రద్ధను గమనించిన ఆచార్య హచిసన్, పై తరగతుల విద్యార్థులకు చెప్పే జన్యుశాస్త్ర పాఠాలకు రమ్మని ఆమెను ప్రత్యేకంగా ఆహ్వానించాడు. ఆ పిలుపుతో ఆమె మార్గం స్థిరపడింది. 1923లో పట్టభద్రురాలై, 1925లో ఎం.ఏ., 1927లో వృక్షశాస్త్రంలో డాక్టరేటు పట్టాలు పొందింది.

మొక్కజొన్న జన్యుశాస్త్రానికి అనువైన పంట. ఈ మొక్కకు తల మీద మగపూల గుత్తి ఉంటుంది. కాండం పక్కన, పీచుతో కూడిన ఆడకంకి ఉంటుంది. కంకికి కాగితపు సంచి తొడిగి, కోరిన మొక్క పుప్పొడిని మాత్రమే తెచ్చి ఆ పీచు మీద చల్లితే, తల్లి ఎవరో తండ్రి ఎవరో సందేహానికి తావులేకుండా తెలుస్తుంది. పైగా కంకి మీది ప్రతి గింజా ఒక ప్రత్యేక సంతానమే. కొన్ని రకాలలో గింజలు తెల్లగాను, పసుపుగాను, ఊదాగాను ఉంటాయి. అందువల్ల వంద గింజలున్న కంకిని చూడడమంటే వందమంది సంతానాన్ని ఒకేసారి చూడడమే. అయితే పంట ఏడాదికి సాధారణంగా ఒక్కసారే వస్తుంది. ఒక ప్రశ్నకు సమాధానం కావాలంటే ఒక సంవత్సరం వేచి ఉండాలి.

అప్పటికి మొక్కజొన్న జన్యువుల గురించి కొంత తెలుసు. కాని ఆ జన్యువులను మోసే క్రోమోజోములు సరిగా గుర్తింపునకు రాలేదు. మెక్‌క్లింటాక్ కణాలను పలుచగా పరచి, కార్మైన్ అనే రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. పొడవును బట్టి, ఆకారాన్ని బట్టి, వాటి మీది బొడిపెలను బట్టి పది జతల క్రోమోజోములను విడివిడిగా గుర్తించింది. ఆచార్య రోలిన్స్ ఎమర్సన్ చుట్టూ చేరిన మార్కస్ రోడ్స్, జార్జ్ బీడిల్ వంటి యువశాస్త్రజ్ఞులు ఆమె ప్రతిభను ముందుగా గ్రహించిన మిత్రులు. వారి మైత్రి ఆమెకు జీవితాంతం నిలిచింది.

1931లో ఆమె, తన శిష్యురాలు హారియెట్ క్రైటన్‌తో కలిసి ఒక గొప్ప నిరూపణ చేసింది. బీజకణాలు ఏర్పడేటప్పుడు జత క్రోమోజోములు తమ ముక్కలను పరస్పరం మార్చుకొంటాయని శాస్త్రజ్ఞులు ఊహించారు. దానిని కంటితో చూసి నిర్ధారించినవారు లేరు. తొమ్మిదవ క్రోమోజోము ఒక కొసను బొడిపె, రెండవ కొసను వేరొక క్రోమోజోము ముక్క ఉన్న మొక్కలను వారు ఎన్నుకొన్నారు. గింజల రంగు, పిండి స్వభావం కొత్త కలయికలో కనిపించినప్పుడు, ఆ రెండు గుర్తులు కూడా కొత్త కలయికలోనే కనిపించాయి. జన్యువుల మార్పిడి, క్రోమోజోము ముక్కల మార్పిడి ఒకే క్రియ అని రుజువయింది. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు టి.హెచ్. మోర్గన్ కార్నెల్‌కు వచ్చి ఈ ఫలితాలను చూసి, ఆలస్యం చేయక ప్రచురించవలసిందని ప్రోత్సహించాడు. అదే విషయాన్ని ఈగలలో నిరూపించిన కర్ట్ స్టెర్న్ వ్యాసం కొద్ది వారాల తరువాత వెలువడింది.

ఇంత కీర్తి వచ్చినా ఆమెకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఆర్థికమాంద్యం అమెరికాను పీడిస్తున్న రోజులవి. ఆచార్య పదవులు స్త్రీలకు దక్కడం అరుదు. తాత్కాలిక పరిశోధక వేతనాలతో ఆమె ఊరూరూ తిరిగింది. 1933లో గుగెన్‌హైమ్ వేతనంతో జర్మనీకి వెళ్ళింది. హిట్లర్ అధికారంలోకి వచ్చిన సంవత్సరమది. అక్కడి వాతావరణానికి మనసు వికలమై, అనుకొన్న గడువు కన్నా ముందే తిరిగి వచ్చింది. 1936లో లూయీ స్టాడ్లర్ ఆహ్వానం మీద మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడ తెగిన క్రోమోజోముల కొసలు ఒకదానితో ఒకటి అతుక్కోవడం, కణం విడిపోయేటప్పుడు అవి వంతెనవలె సాగి మళ్ళీ తెగడం, మళ్ళీ అతుక్కోవడం అనే చక్రాన్ని ఆమె విశదీకరించింది. కాని ఆ కొలువులో తనకు భవిష్యత్తు లేదని గ్రహించి 1941లో దానిని వదులుకొంది.

అదే సంవత్సరం న్యూయార్క్ సమీపంలో, లాంగ్ ఐలాండ్ తీరాన ఉన్న కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ చేరుకొంది. కార్నెగీ సంస్థ అక్కడ నడుపుతున్న జన్యుశాస్త్ర విభాగం ఆమెకు కొలువిచ్చింది. బోధన బాధ్యత లేదు. విత్తుకోవడానికి కొంత నేల, ఒక ప్రయోగశాల, తన కాలం మీద తనకే అధికారం లభించాయి. ఆమెకు కావలసినవి అంతకు మించి లేవు. యాభై సంవత్సరాలు అదే ఆమెకు ఇల్లయింది. 1944లో ఆమె అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయింది. ఆ గౌరవం పొందిన స్త్రీలలో ఆమె మూడవది. 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు అయింది.

ఆమె జీవితంలోకెల్లా గొప్ప అన్వేషణ ఆ రోజులలోనే మొదలయింది. తొమ్మిదవ క్రోమోజోము విరిగిన మొక్కల సంతానాన్ని పెంచుతుండగా, కొన్ని ఆకుల మీద, గింజల మీద వింత మచ్చలు కనిపించాయి. ఆకు మీద పక్కపక్కనే రెండు భాగాలు ఉన్నాయి. ఒక భాగంలో రంగు చారలు మామూలు కన్నా ఎక్కువ. దానిని ఆనుకొన్న భాగంలో మామూలు కన్నా తక్కువ. ఈ రెండు భాగాలూ ఒకే కణం రెండుగా చీలగా పుట్టిన కవలలు. ఒక కణం పోగొట్టుకొన్నదానిని దాని తోటి కణం పొంది ఉండాలని ఆమె ఊహించింది. ఆ పోయినదేమిటి, వచ్చినదేమిటి అన్న ప్రశ్న ఆమెను ఆరేళ్ళ పాటు వెంటాడింది.

పరిశోధన సాగగా మొదటి సత్యం బయటపడింది. ఆ మొక్కలలో తొమ్మిదవ క్రోమోజోము ఎప్పుడూ ఒకే చోట విరుగుతున్నది. అక్కడ ఉన్న అంశానికి ఆమె డిస్సోసియేషన్ అని పేరు పెట్టింది. వియోజకం అని దాని భావం. రెండవ సత్యం మరింత ఆశ్చర్యకరమైనది. ఈ వియోజకం తనంతట తాను ఏమీ చేయలేదు. మరొక అంశం కణంలో ఉంటేనే అది పనిచేస్తుంది. ఆ రెండవ అంశానికి ఆక్టివేటర్, అనగా ప్రేరకం, అని పేరు పెట్టింది. ఈ ప్రేరకం వియోజకం పక్కనే ఉండవలసిన పని లేదు. అదే క్రోమోజోములో దూరంగా ఉండవచ్చు. వేరొక క్రోమోజోములోనైనా ఉండవచ్చు. 1948 నాటికి మూడవ సత్యం స్పష్టమయింది. ఈ రెండు అంశాలూ ఉన్నచోట ఉండక, ఒక స్థానం నుంచి మరొక స్థానానికి కదలిపోతున్నాయి.

గింజ మీది మచ్చల రహస్యం దీనితో విడిపోయింది. గింజకు ఊదా రంగునిచ్చే జన్యువు ఒకటి తొమ్మిదవ క్రోమోజోము మీద ఉంది. వియోజకం వచ్చి దానిలో చేరితే జన్యువు మూగపోయి, గింజ రంగు లేకుండా పెరుగుతుంది. ప్రేరకం ఉన్న గింజలో మాత్రం, పెరుగుదల మధ్యలో, ఏదో ఒక కణంలో వియోజకం లేచిపోతుంది. ఆ కణంలో జన్యువు తిరిగి మేల్కొంటుంది. దాని సంతతికి చెందిన కణాలన్నీ రంగు పొంది ఒక మచ్చగా ఏర్పడతాయి. ముందుగా లేచిపోతే మచ్చ పెద్దది. ఆలస్యంగా లేచిపోతే మచ్చ చిన్నది. గింజలోని పిండిభాగపు కణాలలో తల్లి నుంచి వచ్చినవి రెండు, తండ్రి నుంచి వచ్చినది ఒకటి, మొత్తం మూడు క్రోమోజోము సమితులు ఉంటాయి. అందువల్ల ప్రేరకం ఒకటి, రెండు, మూడు ప్రతులుగా ఉండగలదు. ప్రతులు పెరిగిన కొద్దీ వియోజకం కదలిక ఆలస్యమై మచ్చలు చిన్నవయ్యాయి. ఈ విధంగా మచ్చ పరిమాణాన్ని చూసి, కణం లోపలి సంఘటన ఏ వేళ జరిగిందో ఆమె చెప్పగలిగింది.

ఈ ఫలితాలను ఆమె 1950లో ప్రచురించి, 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగిన శాస్త్రసభలో వివరించింది. సభికులలో అధికులకు అది బోధపడలేదు. జన్యువులు దారానికి గుచ్చిన పూసలవలె స్థిరంగా ఉంటాయని ఆనాటి నమ్మకం. డి.ఎన్.ఏ. జంట మెలికల నిర్మాణం వెల్లడి కావడానికి ఇంకా రెండేళ్ళు ఉంది. ఆమె వాదంలో నిజానికి రెండు భాగాలున్నాయి. అంశాలు స్థానం మారుస్తాయన్నది మొదటిది. అవి జన్యువుల పనిని నియంత్రిస్తాయని, జీవి పెరుగుదలను నడిపేది అటువంటి నియంత్రణమే అన్నది రెండవది. అందుకే ఆమె వాటిని నియంత్రక అంశాలు అన్నది. ఆమె నైపుణ్యం మీద ఎవరికీ అనుమానం లేదు. మొక్కజొన్న శాస్త్రజ్ఞులు మొదటి భాగాన్ని క్రమంగా అంగీకరించారు. తక్కిన లోకం దానిని ఒక పంటలోని వింతగా భావించింది. ఆమెకు ప్రాణప్రదమైన రెండవ భాగాన్ని మాత్రం దాదాపు ఎవరూ స్వీకరించలేదు.

1953లో మరొక వ్యాసం ప్రకటించిన తరువాత, ఈ విషయం మీద శాస్త్రపత్రికలలో వివరమైన ఫలితాలు ప్రచురించడం ఆమె చాలావరకు మానుకొంది. తాను పనిచేసే సంస్థ వార్షిక నివేదికలలో మాత్రం ఏటేటా రాస్తూ వచ్చింది. అపార్థం ఆమెను బాధించింది. కాని పనికి ఆటంకం కాలేదు. వసంతంలో విత్తడం, వేసవిలో పరాగసంపర్కం చేయడం, పంట చేతికి వచ్చాక ప్రతి కంకికి గుర్తు రాసి భద్రపరచడం, శీతకాలంలో లెక్కలు చూసుకోవడం యథాప్రకారం సాగాయి. 1957 నుంచి మధ్య, దక్షిణ అమెరికా దేశాలలోని దేశవాళీ మొక్కజొన్న రకాల క్రోమోజోములను అధ్యయనం చేసి, ఆ పంట జనసమూహాలతో పాటు ఎట్లా వ్యాపించిందో తెలుసుకొనే కృషిలో కూడా ఆమె పాల్గొన్నది.

ఆమె ఎదురుచూసిన అనుకూలమైన మాట దూరదేశం నుంచి వచ్చింది. 1960, 61 సంవత్సరాలలో పారిస్‌లోని జాకబ్, మోనో అనే శాస్త్రజ్ఞులు, బాక్టీరియాలో కొన్ని జన్యువులు ఇతర జన్యువులను నియంత్రిస్తాయని నిరూపించారు. మెక్‌క్లింటాక్ సంతోషించి, మొక్కజొన్నలోను బాక్టీరియాలోను కనిపించే నియంత్రణ విధానాల పోలికలను వివరిస్తూ 1961లో ఒక వ్యాసం రాసింది. అప్పటికీ స్పందన స్వల్పమే. 1960ల చివర బాక్టీరియాలో, ఆ తరువాత ఈస్టులోను, ఈగలలోను, స్థానం మార్చే డి.ఎన్.ఏ. ముక్కలు వరుసగా బయటపడ్డాయి. మొక్కజొన్నలోని వింత అనుకొన్నది జీవలోకమంతటా ఉన్న ధర్మమని తేలింది.

అటు తరువాత సన్మానాలు వరుస కట్టాయి. 1970 సంవత్సరానికి అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1981లో లాస్కర్, వుల్ఫ్ బహుమతులు లభించాయి. 1983లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమెకు ఒక్కతెకే ప్రకటించారు. ఆ వార్త ఆమె రేడియోలో విన్నది. అప్పటికి ఆమె వయసు 81 సంవత్సరాలు. మచ్చల గింజల రహస్యాన్ని ఛేదించి మూడు దశాబ్దాలు దాటిపోయింది. కీర్తి తెచ్చిన సందడి ఆమెకు నచ్చలేదు. చివరి వరకు యువపరిశోధకులతో ముచ్చటిస్తూ, ప్రయోగశాల పరిసరాలలోనే గడిపింది. 1992 సెప్టెంబరు 2న, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆమె అవివాహిత.

నోబెల్ బహుమతి ఆమె వాదంలోని మొదటి భాగానికి, అనగా కదిలే అంశాల ఆవిష్కరణకు వచ్చింది. రెండవ భాగం సంగతి ఏమిటి? సత్యాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. ప్రేరకం, వియోజకం వంటి అంశాలు మొక్క పెరుగుదలను క్రమపద్ధతిలో నడిపిస్తాయన్న ఆమె ఊహ ఆ రూపంలో నిలువలేదు. ప్రేరకం తయారుచేసే ఒక ప్రోటీను వియోజకం కొసలను కత్తిరించి దానిని కదిలిస్తుందని తరువాత తెలిసింది. అది మొక్క అవసరం కోసం జరిగే పని కాదు. కాని జన్యువుకు దూరంగా ఉన్న డి.ఎన్.ఏ. ముక్క ఆ జన్యువును శాసించగలదని, సంచార అంశాలు అటువంటి శాసనాధికారాన్ని పొందగలవని ఆమె చూపిన దిశ మాత్రం వ్యర్థం కాలేదు.

1981లో, జన్యువుకు వేల అక్షరాల దూరాన ఉండి కూడా దాని పనిని పెంచగల డి.ఎన్.ఏ. ఖండాలను కనుగొన్నారు. వాటికి ఎన్‌హాన్సర్లని పేరు, ఉద్దీపకాలు అనవచ్చు. చెరువు తూము ఊరికి ఒక వైపున ఉంటుంది. అది నీరందించే పొలం మరొక వైపున ఉంటుంది. తూము తెరిస్తేనే పొలం తడుస్తుంది. ఉద్దీపకం కూడా అటువంటిదే. అయితే ఇక్కడ కాలువలు ఉండవు. కొన్ని ప్రోటీనులు ఉద్దీపకాన్ని పట్టుకోగా, దారం వంటి డి.ఎన్.ఏ. వంగి మెలిక తిరిగి, దూరపు ఖండాన్ని జన్యువు మొదటి భాగం చెంతకు తెస్తుంది. ఏ కణంలో తగిన ప్రోటీనులు ఉంటాయో ఆ కణంలోనే ఆ తూము తెరుచుకొంటుంది. అన్ని గదులలోను ఒకే గ్రంథం ఉన్నా, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పుట తెరుచుకోవడంలోని మర్మం చాలావరకు ఇదే.

హార్మోన్ల జన్యువులలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. పోమ్‌సీ అనే జన్యువు ఒకటే అయినా రెండు చోట్ల రెండు రకాలుగా ఉపయోగపడుతుంది. పీయూషగ్రంథిలో అది, మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులను ప్రేరేపించే హార్మోనుకు మూలం. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో అది, ఆకలిని తగ్గించే హార్మోనుకు మూలం. ఎలుకలలో పరిశీలించగా, మెదడులోని ఈ జన్యువును నడిపే రెండు ఉద్దీపకాలు జన్యువుకు సుమారు పది, పన్నెండు వేల అక్షరాల దూరంలో కనిపించాయి. ఆ రెండింటినీ తొలగించిన ఎలుకలలో మెదడులో హార్మోను తగ్గిపోయి, అవి స్థూలకాయులయ్యాయి. జన్యువు చెక్కుచెదరలేదు, దూరపు తూము మాత్రమే మూతపడింది. ఈ రెండు ఉద్దీపకాల పుట్టుక ఇంకా విచిత్రమైనది. కోట్ల ఏళ్ళ కిందట స్తన్యజీవుల పూర్వికుల క్రోమోజోములలోకి దూకిన సంచార అంశాల అవశేషాలే కాలక్రమంలో ఉద్దీపకాలుగా మారాయని 2007లోను, 2011లోను వెలువడిన పరిశోధనలు తెలిపాయి. గర్భిణుల గర్భాశయపు పొరలో ప్రొలాక్టిన్ అనే హార్మోను జన్యువు పనిచేయడానికి మూలమైన డి.ఎన్.ఏ. ఖండం కూడా అటువంటి అతిథి వదిలి వెళ్ళిన ముక్కే.

మెక్‌క్లింటాక్ ప్రేమించిన మొక్కజొన్నలో కూడా ఇటువంటి కథే బయటపడింది. మెక్సికోలోని టియోసింటె అనే గుబురు గడ్డి నుంచి ప్రాచీన రైతులు మొక్కజొన్నను రూపొందించారు. గుబురుగా కొమ్మలు వేసే ఆ గడ్డి, ఒకే కాండంతో నిలిచే పంటగా మారడానికి తోడ్పడిన జన్యువు ఒకటి ఉంది. ఆ జన్యువుకు సుమారు అరవై వేల అక్షరాల దూరాన చేరిన ఒక సంచార అంశం దాని పనిని ఉద్ధృతం చేస్తున్నదని 2011లో తేలింది. నేడు మన తెలుగు పల్లెలలో మొక్కజొన్న చేను ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క కాండంతో బారులు తీరి కనిపించడంలో ఆ చిన్న ముక్కకు కూడా పాలున్నది. ఆ సంగతి వినడానికి మెక్‌క్లింటాక్ లేదు.

మానవుని డి.ఎన్.ఏ.లో సుమారు సగభాగం ఇటువంటి సంచార అంశాలదేనని ఇప్పుడు తెలుసు. వాటిలో చాలా వరకు కదలిక కోల్పోయి నిద్రించేవే. కొన్ని హాని చేస్తాయి. కొన్ని మాత్రం జన్యువులకు తూములై నిలిచాయి. మెక్‌క్లింటాక్ చెప్పినదంతా సరికాలేదు. కాని జన్యువును దాని చుట్టూ ఉన్న సమస్తంతో కలిపి చూడాలని ఆమె పట్టుబట్టింది. లోకం తలపంకించినప్పుడు పొంగక, తల తిప్పుకొన్నప్పుడు కుంగక, ఏడాదికొక్కసారి వచ్చే పంట కోసం ఓపికతో వేచి, ప్రతి గింజనూ శ్రద్ధతో చదివింది. ఒక్క గింజ మీది ఒక్క మచ్చను కూడా పొరపాటుగా కొట్టివేయని ఆ శ్రద్ధయే ఆమె విద్యార్థిలోకానికి విడిచి వెళ్ళిన ఆస్తి.

అర్థాలు

విదుషి : విద్వాంసురాలు
అగ్రగణ్యురాలు : మొదట లెక్కించదగినది
మక్కువ : ఇష్టం, ప్రీతి
నిరూపణ : రుజువు చేయడం
వికలమై : కలత చెంది
వియోజకం : విడదీసేది
సంచార అంశం : స్థానం మార్చుకొనే డి.ఎన్.ఏ. ముక్క
ఉద్దీపకం : పనిని రేకెత్తించి పెంచేది
తూము : చెరువు నీటిని వదిలే ద్వారం
స్తన్యజీవులు : పాలిచ్చి పిల్లలను పెంచే ప్రాణులు

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గింజల మీది మచ్చలకు కారణాన్ని మెక్‌క్లింటాక్ ఎట్లా కనుగొన్నదో వివరించండి.
2. దూరాన ఉన్న డి.ఎన్.ఏ. ఖండాలు హార్మోన్ల జన్యువులను నియంత్రించే తీరును పాఠం ఆధారంగా తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. జన్యుశాస్త్ర పరిశోధనకు మొక్కజొన్న ఎందుకు అనువైన పంట?
2. 1951 సభలో మెక్‌క్లింటాక్ వాదం ఎందుకు బోధపడలేదు?
3. ఆమె వాదంలో నిలిచినదేది? నిలువనిదేది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మెక్‌క్లింటాక్ కళాశాల చదువుకు అండగా నిలిచినవారు ఎవరు?
2. ఆమెకు నోబెల్ బహుమతి ఏ సంవత్సరంలో లభించింది?
3. ప్రేరకం ప్రతులు పెరిగితే గింజ మీది మచ్చలు ఏమవుతాయి?